సముద్రపొడ్డున పాత పెంకుటిల్లు: పెంకే ఉంచాలా, రేకు వేయాలా, స్లాబు పోయాలా?

భీమిలిలోనో, సూర్యలంక దగ్గరో, కళింగపట్నంలోనో తాతల నాటి పెంకుటిల్లు ఒకటి ఉంది. శని, ఆదివారాలు వెళ్లి ఉండేలా దాన్ని బాగుచేసుకోవాలి. మేస్త్రీని పిలిస్తే "ఇదంతా పీకేసి స్లాబు వేసేద్దామండీ" అంటాడు. వెల్డరును పిలిస్తే ఇనప ట్రస్సు మీద రేకులు వేద్దామంటాడు. పాత వడ్రంగి దొరికితే నాలుగు వాసాలు మారిస్తే చాలంటాడు. ఎవరికి చేతనైన పని వాళ్లు చెబుతారు. ఆ ఇల్లు వారానికి అయిదు రోజులు తాళం వేసి ఉంటుందన్న సంగతి మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

నిజానికి ఎంపికను తేల్చేది ఆ తాళమే. మనుషులున్న ఇంట్లో చుక్క కారితే అరగంటలో గిన్నె పెడతారు, మర్నాడు పెంకు సర్దిస్తారు. తాళం వేసిన ఇంట్లో అదే చుక్క దూలం కొసను మూడు నెలలు నానబెడుతుంది. అందుకని ఏది గట్టిది అన్న ప్రశ్నతో ఆగకూడదు. చెడినప్పుడు ఏది చిన్నగా చెడుతుంది, బయటికి కనిపించేలా చెడుతుంది, ఊళ్లో ఉన్న మనిషి ఒక్క పూటలో బాగుచేసేలా చెడుతుంది అని కూడా అడగాలి.

## డబ్బు తీసేముందు

తీరం కోత. ఉప్పాడ లాంటి చోట సముద్రం ఏటా లోపలికి వస్తూనే ఉంది. ఇంటి ముందు ఒడ్డు గత పదేళ్లలో ఎంత జరిగిందో ఊరి మత్స్యకారుల్ని అడగండి, పాత ఉపగ్రహ చిత్రాలు చూడండి. కోత ఉన్నచోట ఏ కప్పు వేసినా ఆ డబ్బు నీళ్లపాలే.

అనుమతి. 2019 జనవరి 18 నాటి తీర నియంత్రణ మండలి (సీఆర్‌జడ్) నోటిఫికేషన్ ప్రకారం పోటు గీత (పోటు సమయంలో నీరు చేరే హద్దు) నుంచి 500 మీటర్ల వరకూ నిబంధనలు వర్తిస్తాయి. గ్రామీణ ప్రాంతంలో కొత్త నిర్మాణం నిషేధించిన పట్టీ, 2011 లెక్కల్లో చదరపు కిలోమీటరుకు 2,161 మందికి మించి జనం ఉన్నచోట 50 మీటర్లు (ఆ నోటిఫికేషన్ ప్రకారం తీర ప్రణాళికకు ఆమోదం వచ్చి ఉంటేనే), మిగతా చోట్ల 200 మీటర్లు. ఆ పట్టీలో ఉన్న పాత అధీకృత ఇంటిని, ఉన్న పునాది వైశాల్యం పెంచకుండా మరమ్మతు చేసుకోవచ్చు. కాబట్టి పాత ఇంటి పన్ను రసీదులు, ఇంటి నంబరు, దస్తావేజులు ముందు పోగేయండి. పెంకు మార్చడం మరమ్మతు. గోడలు పీకి పిల్లర్లు లేపి స్లాబు పోస్తే అది పునర్నిర్మాణం. పంచాయతీలోనో మున్సిపాలిటీలోనో కాగితం చేతికి రాకుండా మొదలుపెట్టకండి.

గోడ మోత. 1960లకు ముందు కట్టిన ఇళ్లలో చాలావాటికి గోడలు మట్టి అడుసుతోనో, సున్నంతోనో కట్టినవి. ఒక మూల చిన్న గొయ్యి తీసి పునాది ఎంత లోతుందో, దేని మీద కూర్చుందో చూడండి. ఇటుకల మధ్య అడుసును మేకుతో గీకండి. వేలు దూరేంత సులువుగా రాలిపోతే ఆ గోడ మీద స్లాబు ఆలోచన అక్కడే వదిలేయాలి.

కర్ర. దూలం ఎప్పుడూ గోడలో దూరే కొస దగ్గరే ముందు పుచ్చుతుంది, ఎందుకంటే చెమ్మ ఉండేది అక్కడే. గోడ అంచున పెద్ద స్క్రూడ్రైవరు పెట్టి అరచేత్తో గట్టిగా నొక్కండి. పావు అంగుళం దాటి దిగితే ఆ కొస పోయినట్టే. చేవ ఉన్న తాటి వాసం మీద సుత్తితో కొడితే కంగుమంటుంది, పుచ్చినది డబ్ డబ్ అంటుంది. వాసం కింద నేల మీద సన్నటి పిండి కుప్పలుగా పడి ఉంటే పురుగు ఇంకా లోపల తింటోందని అర్థం.

## ఒక ఇంటికి లెక్క

మాటలతో తేలదు గనక 20 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవున్న ఇల్లు తీసుకుందాం. చుట్టూ అడుగున్నర చూరు, 30 డిగ్రీల వాలు. కప్పు వైశాల్యం సుమారు 880 చదరపు అడుగులు, అంటే 81 చదరపు మీటర్లు.

కట్టడాల మీద పడే బలాలకు భారత ప్రమాణమైన ఐఎస్ 875 విశాఖపట్నానికి ఆధారంగా తీసుకోమనే గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను దాదాపు అంత వేగపు గాలులతో విశాఖ దగ్గర తీరం దాటింది. ఆ వేగానికి గాలి ఒత్తిడి చదరపు మీటరుకు సుమారు 150 కిలోలు. కప్పు అంచుల్లో, మూలల్లో, కొప్పు దగ్గర ఆ బలం కప్పును పైకి పీకుతుంది. దాని పక్కన ఒక్కో కప్పు బరువు పెట్టి చూడండి.

| ఏం చూడాలి | బెంగళూరు పెంకు | పెంకు, దాని కింద రేకు | రేకు ఒక్కటే | ఆర్‌సీసీ స్లాబు |
|---|---|---|---|---|
| చదరపు మీటరు బరువు | కర్రతో కలిపి 60–65 కిలోలు | 65–70 కిలోలు | రేకు 5 కిలోలు, ఫ్రేము వేరే | 5 అంగుళాల మందానికి 310 కిలోలు |
| ఈ ఇంటికి మొత్తం | సుమారు 5 టన్నులు | 5.5 టన్నులు | ఫ్రేము కాక 400 కిలోలు | 22 టన్నులు (వాలు ఉండదు గనక వైశాల్యం తక్కువ) |
| గాలికి నిలిపేది | కట్టు తీగ, గోడ పట్టె | స్క్రూలు, గోడ పట్టె | స్క్రూలు, జె-బోల్టులు | సొంత బరువు |
| ఉప్పు ముందు తినేది | మేకులు, తీగ | స్క్రూలు, రేకు కోత అంచులు | స్క్రూలు, కోత అంచులు, ఇనప ఫ్రేము | లోపలి ఇనుము |
| చెడితే | ఒక పెంకు, ఒక చుక్క | నీరు లోపలికి రాదు, ఆలస్యంగా తెలుస్తుంది | షీటు మొత్తం లేస్తుంది | పెచ్చులు ఊడేదాకా తెలియదు |
| బాగుచేసేది | ఊళ్లో నిచ్చెన ఎక్కే మనిషి | అదే మనిషి, కాస్త శ్రమ | డ్రిల్లు, కొత్త షీటు కావాలి | నిపుణులు, పెద్ద ఖర్చు |
| మే నెల మధ్యాహ్నం | చల్లన | చల్లన | పెనం, ఫాల్స్ సీలింగ్ తప్పదు | రాత్రి దాకా వేడి |

ఈ పట్టిక నుంచి ముఖ్యంగా గ్రహించాల్సింది ఒకటే. స్లాబు తప్ప మిగతావేవీ బరువుతో గాలికి ఆగవు. పెంకు అయినా రేకు అయినా కట్టు మీదే బతుకుతుంది.

## పెంకు ఉంచాలనుకుంటే

గోడ బాగుండి, దూలాల్లో సగానికి పైగా చేవ ఉంటే ఇదే మా మొదటి సలహా. పాత గూన పెంకులైతే తీగతో కట్టే వీల్లేదు. కోతుల తొక్కుడు, పిల్లుల పరుగు చాలు అవి జారడానికి. చూడముచ్చటగా ఉన్నా తీరంలో తాళం వేసే ఇంటికి వాటిని నమ్ముకోలేం. బెంగళూరు పెంకుకు మారండి.

చదరపు మీటరుకు సుమారు 15 పెంకులు పడతాయి. పైన చెప్పిన ఇంటికి 1,220, విరుగుడుకు పది శాతం కలిపి 1,350 తెప్పించాలి. దించుతున్నప్పుడే పదికి ఒకటి చొప్పున తీసి వేలి కణుపుతో కొట్టి చూడండి. ఖంగున మోగాలి, బొదబొదమంటే లోపల బీట ఉంది. పాతవాటిలో కింది ముఖం పొరలుగా ఊడుతున్నవి ఉప్పు తాగినవి, వాటిని గుమ్మం ముందు నేలలో పరచడానికి వాడుకోండి.

పెంకు కింద చిన్న ముక్కు, దానికి రంధ్రం ఉంటాయి. అది ఉన్నది తీగ కోసమే, చాలామంది వదిలేస్తారు. మామూలు జీఐ తీగ సముద్రపు గాలికి కొన్నేళ్లలోనే తుప్పు పట్టి తెగుతుంది. రాగి తీగ గానీ 316 గ్రేడు స్టెయిన్‌లెస్ తీగ గానీ వాడి రీపరుకు (పెంకు ఆనే అడ్డ బద్దకు) కట్టాలి. డబ్బు సరిపోకపోతే చూరు దగ్గర రెండు వరుసలు, పక్క అంచుల్లో రెండు వరుసలు, కొప్పుకు ఇరువైపులా ఒక వరుస తప్పకుండా కట్టి, మధ్యలో ఒకటి విడిచి ఒకటి కట్టండి. మొత్తం కట్టగలిగితే మరీ మంచిది.

కొప్పు పెంకుల కింద గట్టి సిమెంటు కూరితే ఏడాదిలో సన్నటి బీట వస్తుంది. ఎండకు కర్ర కదులుతుంది, సిమెంటు కదలదు. ఒక పాలు సిమెంటు, ఒక పాలు సున్నం, ఆరు పాళ్లు ఇసుక కలిపిన మాలు ఆ కదలికను కొంత ఓర్చుకుంటుంది.

అసలైన పని కింద ఉంది. పాత ఇళ్లలో వాసాలు గోడ మీద ఊరికే కూర్చుని ఉంటాయి. గోడ పైన నాలుగు వైపులా పట్టె పరిచి, నాలుగు అడుగులకొకటి చొప్పున బోల్టుతో రెండు మూడు అడుగుల లోతుకు గోడలో దించి బిగించాలి. ప్రతి వాసాన్నీ ఆ పట్టెకు గాల్వనైజ్డ్ పట్టీతో కట్టాలి. తుఫానులో పెంకులు కొన్ని ఎగిరినా ఇల్లు నిలవాలంటే ఈ బోల్టులే ఆధారం. చూరు అడుగున్నరకు మించకూడదు. వరండా కప్పును ఇంటి కప్పుతో కలిపి సాగదీయకండి. గాలి ముందు వరండా కిందే దూరుతుంది. విడిగా కట్టినదైతే అది ఒక్కటే పోతుంది, కలిపి కట్టినదైతే ఇంటి కప్పును కూడా పట్టుకుపోతుంది.

## పెంకు కింద రేకు

నెలకోసారి మాత్రమే వచ్చేవాళ్లకు ఇది మంచి మధ్యేమార్గం. పెంకు పగిలినా లోపలికి చుక్క రాదు. పిల్లి, ఎలుక, గబ్బిలం దూరవు. అయితే చాలాచోట్ల తప్పుగా వేస్తారు. రేకు మీద అడ్డంగా రీపర్లు కొట్టేసి పెంకు పరుస్తారు. అప్పుడు కారిన నీరు, ఎగిరివచ్చిన సరుగుడు ఆకు ప్రతి రీపరు దగ్గరా ఆగిపోతాయి. ఉప్పు కలిసిన ఆ చెత్త తడి రేకును పైనుంచి తింటుంది, కింద కూర్చున్న మీకు ఆచూకీ తెలియదు. ముందు వాలు వెంట నిలువు బద్దలు వేసి, వాటి మీద అడ్డ రీపర్లు వేయాలి. మధ్యలో మిగిలిన అంగుళం సందులో నీరు చూరు దాకా జారిపోతుంది, గాలి కూడా ఆడుతుంది. చూరు దగ్గర ఆ సందును మాలుతో మూయకుండా జాలీ పెట్టండి.

## రేకు ఒక్కటే

తక్కువ రోజుల్లో అయ్యేది, గోడకు బరువు లేనిది. దూలాలన్నీ పుచ్చిపోయి, గోడలూ బలహీనంగా ఉంటే ఇదే దారి. కొన్ని షరతులున్నాయి.

మామూలు జింకు పూత రేకు వద్దు. అల్యూమినియం-జింకు పూత చదరపు మీటరుకు 150 గ్రాములున్న కలర్ రేకు గానీ, 0.7 మిల్లీమీటర్లకు తగ్గని అల్యూమినియం రేకు గానీ తీసుకోండి. వారంటీ కాగితంలో సముద్రం నుంచి ఎంత దూరం అన్న షరతు ఉంటుంది. కొనే ముందు ఆ వాక్యం వెతికి చదవండి, మీ ఇల్లు దాని లోపల పడితే ఆ వారంటీ మీకు వర్తించదు. అల్యూమినియం రేకు ఇనప పర్లిను (రేకు ఆనే అడ్డ కమ్మీ) మీద నేరుగా కూర్చుంటే ఉప్పు తడిలో అల్యూమినియమే కరుగుతుంది, మధ్యలో రబ్బరు పట్టీ వేయించాలి. తడి సున్నం, సిమెంటు పడినా మచ్చపడి తినేస్తుంది. కాబట్టి గోడ పూతలు అయ్యాకే ఆ రేకు ఎక్కించండి.

ఫ్రేముకు నల్ల ఇనప చదరపు గొట్టాలు వాడితే పైన రంగు ఎంత మెరిసినా లోపలి నుంచి తుప్పు మొదలవుతుంది. గాల్వనైజ్డ్ గొట్టం తీసుకుని, కొసలు మూతలు పెట్టి వెల్డు చేసి మూసేయాలి. వెల్డు పడినచోట జింకు కాలిపోతుంది కనుక అక్కడ బ్రష్షుతో తోమి జింకు పెయింటు రెండు పూతలు వేయించండి. వెల్డర్లు ఎక్కువగా మామూలు వెండిరంగు పూసి వెళ్లిపోతారు. డబ్బా మీద ఏముందో చదివి చూడటం తప్పు కాదు.

## స్లాబు

గాలికి భయం లేదు, రేపు మేడ కట్టొచ్చు, రాత్రి ఆరుబయట పడుకోవచ్చు. ఈ మూడు సుఖాలూ నిజమే. కానీ 22 టన్నులు పాత గోడ మీద పెట్టకూడదు. ఫుటింగులు, పిల్లర్లు, బీములు కొత్తగా లేపాలి. అంటే పాత ఇంటిని బాగుచేయడం కాదు, దాని చోట కొత్త ఇల్లు కట్టడం.

కట్టదలిస్తే కాంక్రీటుకు భారత ప్రమాణమైన ఐఎస్ 456 తీర ప్రాంతానికి చెప్పినవి పట్టుకుని కూర్చోండి. కనీసం ఎం-30 గ్రేడు కాంక్రీటు, నీరు-సిమెంటు నిష్పత్తి 0.45 దాటకూడదు, ఇనుము మీద కవరు (చువ్వను కప్పే కాంక్రీటు మందం) 45 మిల్లీమీటర్లు. కెరటాల తుంపర నేరుగా పడేచోట ఎం-35, 50 మిల్లీమీటర్లు. ఊళ్లలో మామూలుగా స్లాబుకు పెట్టే కవరు 20 మిల్లీమీటర్లు. తీరంలో స్లాబు పెచ్చులు ఊడి చువ్వలు వేలాడటానికి చాలాసార్లు కారణం ఈ తేడానే. ఉప్పు లోపలి దాకా చేరి ఇనుము తుప్పు పడుతుంది, తుప్పు ఉబ్బి కాంక్రీటును చీల్చుతుంది. బోరు నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటితే ఇనుము వేసే కాంక్రీటుకు పనికిరాదు. ఒక సీసాలో పట్టి ల్యాబులో పరీక్ష చేయించండి, లేదా ట్యాంకరు నీరు తెప్పించండి. ఒడ్డు ఇసుక ఒక్క తట్ట కూడా కలవకూడదు.

వారాంతాల్లో మాత్రమే వచ్చేవాళ్లకు ఇంకో చిక్కుంది. స్లాబుకు పోసిన మర్నాటి నుంచి కనీసం పది రోజులు నీరు నిలపాలి. మీరు ఊళ్లో లేకపోతే ఆ పనికి మనిషిని కుదుర్చుకోవాల్సిందే.

## గోడ పూత: సున్నమా, సిమెంటా

మట్టి, సున్నంతో కట్టిన గోడకు సున్నమే. ఇందులో మధ్యేమార్గం లేదు. నేల నుంచి ఎక్కే చెమ్మ తనతో ఉప్పును తెస్తుంది. సున్నపు పూత గుండా నీరు ఆవిరై పోతుంది, ఉప్పు పైకి పొడిలా వస్తుంది, చీపురుతో దులిపితే చాలు. సిమెంటు పూస్తే నీరు వెనకే ఉండి ఇంకా పైకి ఎక్కుతుంది. మూడడుగుల్లో ఆగిన చెమ్మ అయిదడుగులకు చేరుతుంది. ఉప్పు పూత వెనక గడ్డకట్టి దాన్ని పలకలుగా తోసేస్తుంది. దాని మీద ప్లాస్టిక్ ఎమల్షన్ వేయడం అదే తప్పును రెండోసారి చేయడం.

చెమ్మ ఎక్కడి నుంచో తేల్చుకోవడానికి అడుగు చదరం పాలిథిన్ కాగితాన్ని నాలుగంచులా టేపుతో గోడకు అంటించి రెండు రోజులు ఉంచండి. వెనక తడి ఉంటే గోడలోది. ముందు తడి ఉంటే గదిలో గాలి ఆడక పట్టినది, దానికి పూత కాదు, కిటికీ పైన జాలీ కావాలి.

చెమ్మ గీతకు అడుగున్నర పైదాకా పాత పూత చెక్కేసి, ఉప్పును పొడిగానే బ్రష్షుతో దులపండి. నీళ్లతో కడిగితే ఉప్పు తిరిగి గోడలోకే పోతుంది. నెల రోజులు ఆరనివ్వండి. రెండు మూడు వారాలు నానిన సున్నం ఒక పాలు, కడిగిన ఏటి ఇసుక రెండున్నర నుంచి మూడు పాళ్లు. పూతకు అరంగుళం మించకుండా రెండు పూతలు, మధ్యలో వారం ఎడం. ఎండ నేరుగా పడకుండా తడి గోనె కట్టాలి. సున్నం కళ్లలో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది కనుక అద్దాలు, చేతి తొడుగులు లేకుండా ఎవరినీ పనిలోకి దించకండి. కింది మూడడుగుల పూత కొన్నేళ్లకోసారి మళ్లీ వేయాల్సి వస్తుంది. తాను చెడి గోడను కాయడమే ఆ పూత పని.

సిమెంటు ఇటుకతో ఈమధ్య కట్టిన గదులకు సిమెంటు పూత వేసుకోవచ్చు, ఇబ్బంది లేదు.

తలుపులు, కిటికీల గురించి రెండు మాటలు చాలు. పాత టేకు చట్రాలు బాగుంటే ఉంచండి, బందులు మాత్రం ఇత్తడివి వేయండి. కొత్తవి కావాలంటే యూపీవీసీ తీరానికి బాగా ఆగుతుంది, అయితే దాని చక్రాలు, గొళ్లాలు ముందు పోతాయి, స్టెయిన్‌లెస్ అడిగి తీసుకోండి. పాత ఇనప ఊచలు ఉబ్బి చట్రాన్ని చీలుస్తుంటే తీసేయాల్సిందే. సముద్రం వైపు కిటికీలకు 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలకలు ముందే కోయించి, నంబర్లు రాసి మంచం కింద పెట్టుకుంటే తుఫాను హెచ్చరిక రోజున గంటలో బిగించేయొచ్చు. స్విచ్ బోర్డులు సముద్రం వైపు గోడ మీద ఉండకూడదు, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (షాక్ తగలబోతే కరెంటు ఆపేసే స్విచ్) తప్పనిసరి.

## ఎవరికి ఏది

విశాఖలో ఉంటూ భీమిలి ఇంటికి వారం వారం వెళ్లేవాళ్లు పెంకు, సున్నం పెట్టుకోండి. చిన్న చిన్న పనులు చేతిలో ఉంటాయి, ఖర్చు ముక్కలు ముక్కలుగా పడుతుంది, ఇల్లు ఇల్లులాగే ఉంటుంది.

హైదరాబాదు నుంచి నెలకో, రెండు నెలలకో సూర్యలంక వచ్చేవాళ్లకు పెంకు కింద రేకు సరైనది. పొరుగింటి మనిషికి తాళం చెవి ఇచ్చి, ప్రతి పెద్ద వానకూ ఒకసారి లోపలికి వెళ్లి చూసే ఏర్పాటు, నెలకింత అని డబ్బుతో సహా, చేసుకోండి. ఏ కప్పు వేసినా ఈ ఏర్పాటు లేకపోతే లోటే.

విదేశాల్లో ఉండి ఏడాదికోసారి వచ్చే అన్నదమ్ముల ఉమ్మడి ఇల్లయితే, ముందు గోడ పట్టె, బోల్టులు, పట్టీల పని చేయించి, గోడలు బలహీనమైతే అల్యూమినియం రేకు, బాగుంటే రేకు మీద పెంకు వేయండి. స్లాబు గురించి వాటాలు తేలాక మాట్లాడుకోవచ్చు. పాత గోడల్ని తీసేశాక ఆ ఖర్చు ఎవరిదన్న తగవు పెంకు ఖర్చుకంటే పెద్దదవుతుంది.

అద్దెకిచ్చి ఆదాయం చూడాలనుకునేవాళ్లకు, అనుమతి ఉండి ఒడ్డుకు బాగా ఎడంగా ఉంటే, కొత్త పునాదుల మీద స్లాబు ఆలోచించదగ్గదే. అప్పుడు కూడా స్నానాల గదులు, వంటగది వరకే స్లాబు వేసి, పడక గదులు పెంకు కింద ఉంచితే వచ్చేవాళ్లు ఇష్టపడేది ఆ పెంకు గదినే.

పని మొదలుపెట్టాల్సింది సంక్రాంతి వెళ్లాక. అక్టోబరు, నవంబరు తుఫానులు దాటిపోయి ఉంటాయి. జనవరి చివర కప్పు విప్పి కర్ర పని చేయించి, అదే సమయంలో గోడల పాత పూత చెక్కించి ఆరబెట్టాలి. మార్చి ఎండ ముదరకముందే సున్నం పూత అయిపోవాలి. ఏప్రిల్ చివరికి తీగ కట్టు పూర్తయి ఉండాలి, మే నెలలో కూడా తుఫాను రావచ్చు. లెక్కకు తెప్పించిన 1,350 పెంకుల్లో మిగిలిన వాటిని మేస్త్రీకి ఇచ్చేయకండి. ఒక ఫ్యాక్టరీ పెంకు గాడి ఇంకో ఫ్యాక్టరీ పెంకుతో కుదరదు. యాభైకి తగ్గకుండా వెనక గోడ నీడలో నిలువుగా పేర్చి ఉంచి, ఆ కుప్ప ఎక్కడుందో తాళం చెవి ఇచ్చిన మనిషికి చూపించండి.